ధవళం మాస్టారి కష్టాల బడి

ఒక పెద్ద అడవిలో కప్పలకంటూ ఒకే ఒక్క సర్కారీ కొలువు ఉండేది. వాన రాబోతోందని ముందుగా అరిచి చెప్పడమే ఆ ఉద్యోగం. వాగులో కాపురముండే జంతువులన్నీ ఆ అరుపు వినే గట్టెక్కేవి. చాలా ఏళ్ళుగా ఆ కుర్చీ గండయ్య అనే ముసలి కప్పది.

గండయ్యకి అరుపుల కంటే ఉపన్యాసాలంటే ఇష్టం. నలుగురు కనిపిస్తే చాలు, మొదలుపెట్టేవాడు. "నేను పుట్టిన ఏడు గుంట ఎండిపోయింది. బురదలో దొర్లి పెరిగాను. ఆ కష్టమే నాకీ గొంతునిచ్చింది."

"మీతోపాటు మూడొందల మంది పుట్టారు కదండీ, వాళ్ళ గొంతులేమయ్యాయి?" అని చిత్తడమ్మ అనే తల్లికప్ప ఒకసారి అడిగింది.

"వాళ్ళు కష్టాన్ని సరిగా వాడుకోలేదమ్మా" అన్నాడు గండయ్య. సభ చప్పట్లు కొట్టింది. చచ్చినవాళ్ళు సభలకి రారు కాబట్టి ఎదురు చెప్పేవాళ్ళు లేకపోయారు.

ఒడ్డున ఒంటికాలి మీద నిలబడ్డ ధవళం అనే కొంగకి ఈ మాట తెగ నచ్చింది. మర్నాడే అడవిపెద్ద ఎలుగుబంటిని పట్టుకుని, గుంటని బడిగా మార్చే అనుమతి తెచ్చుకున్నాడు. టేకాకుల మీద ప్రకటనలు వెలిశాయి. "గండయ్యగారిని తయారుచేసిన కష్టాలే ఇప్పుడు మీ పిల్లలకి, ఓ పద్ధతి ప్రకారం!"

మాస్టారైన ధవళం లోపలి ఆలోచన వేరు. కష్టపడితే కప్పలు బలుస్తాయట. బలిసిన కప్పతో కొంగకేం పనో నేను చెప్పక్కర్లేదు.

బడి మొదలైంది. గట్టు తెంపి రోజూ జానెడు నీళ్ళు బయటికి వదిలేవారు. తోకకప్పలకి పెట్టే నాచు సగానికి కోశారు. భయం అనే పాఠం మాస్టారు స్వయంగా గుంట మధ్యలో నిలబడి చెప్పేవాడు. సాయంత్రం ర్యాంకులు చదివి, ఆఖరున వచ్చినవాళ్ళని మర్నాడు ప్రత్యేక తరగతికి తీసుకెళ్ళేవాడు. ఆ తరగతి నుంచి ఎవరూ తిరిగి రాలేదు. పై చదువులకి వెళ్ళారని తల్లిదండ్రులకి కబురొచ్చేది.

మామూలుగా తోకకప్పకి కాళ్ళు రావడానికి రెండు నెలలు పడుతుంది. ఇక్కడ పదో రోజుకే వచ్చేశాయి. నీళ్ళు తగ్గిపోతుంటే, కాళ్ళు తెచ్చుకుని పారిపోవడం తప్ప మరో దారి లేదని వాటి ఒళ్ళే తీర్మానించుకుంది. ఆ తొందరలో పెరగడం మర్చిపోయింది. పాసైన కప్పలు ఒక్కొక్కటీ గోరంత ఉన్నాయి. అడవిలో మాత్రం పదిరోజుల కాళ్ళ గురించే మాట్లాడుకున్నారు.

చిత్తడమ్మ కొడుకు గుండడికి కాళ్ళూ రాలేదు, కంగారూ రాలేదు. పాఠం జరుగుతుంటే నిద్రపోయేవాడు. ఒక సాయంత్రం ర్యాంకుల్లో వాడిదే ఆఖరు. చిత్తడమ్మ మాస్టారి దగ్గరికి గెంతింది.

"మావాణ్ణి మానిపించేస్తానండి. టీసీ ఇప్పించండి."

"మధ్యలో టీసీ ఇవ్వమమ్మా."

"పోనీ చివర్లో ఇస్తారా?"

"చివర్లో అవసరం ఉండదు" అన్నాడు మాస్టారు, ముక్కు తుడుచుకుంటూ.

ఆమెకి ఒళ్ళు చల్లబడిపోయింది. కప్పకి ఒళ్ళెప్పుడూ చల్లనే అనుకోండి, ఇది వేరే చలి. ఇక ఒక్క క్షణం ఆగలేదు. మాస్టారు అటు తిరగ్గానే గుండణ్ణి నోట కరుచుకుని గట్టెక్కింది.

"వాడి భవిష్యత్తు ఏం కాను?" అంటూ మొగుడు వెంటపడ్డాడు. నోట్లో కొడుకు ఉండటం వల్ల ఆమె జవాబు చెప్పలేదు. చెప్పగలిగినా ఆ జవాబు ఇక్కడ రాయదగ్గది కాదు.

కొండ మీద మద్దిచెట్టు తొర్రలో నిండుగా వాననీళ్ళున్నాయి. కొడుకుని అందులో వదిలింది. గుండడు రెండు నెలలు తిన్నాడు, పడుకున్నాడు. మధ్యలో మరో పని పెట్టుకోలేదు.

కింద మాస్టారు తన పంట కోసుకుందామని వెళ్ళాడు. కానీ ఆ కప్పలు ఆయన నీడ చూస్తూ పెరిగినవి కదా, ముక్కు వంగేలోపే మూడు మూరలు ఎగిరిపోయాయి. దొరికిన ఒక్కటీ గొంతు దిగిందో లేదో కూడా తెలియలేదు. మరుసటేడు వాటికి పుట్టిన పిల్లలు ఏ శిక్షణా లేకుండానే గోరంతే ఉండిపోయాయి. "మా చదువు రక్తంలోకి దిగింది" అని మాస్టారు ఆకలి కడుపుతోనే ఇంకో టేకాకు వేలాడదీశాడు.

ఆ ఏడే గండయ్య గొంతు మూగబోయింది. ఆ కొలువుకి కొత్తవాళ్ళని ఎంచడానికి పరీక్ష పెడితే, బడిలో పాసైన గోరంత కప్పలే వరస కట్టాయి. ఎలుగుబంటి పీట వేసుకుని కూర్చుంది, పక్కన గుమాస్తా ఉడత.

"మొదటి అభ్యర్థిని అరవమనండి."

ఉడత వంగి చెవి పెట్టి విని చెప్పింది. "అరిచేశాడటండి."

"రెండో అభ్యర్థి?"

"ఆయనదీ అయిపోయిందటండి."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే. ఈలోగా నైరుతి వైపు మబ్బు కమ్ముకొచ్చింది. గోరంత కప్పలు ప్రాణం పెట్టి అరుస్తూనే ఉన్నాయి, వాగులో అడవిపందులు పిల్లాజెల్లాతో హాయిగా పడుకునే ఉన్నాయి.

అప్పుడు మద్దిచెట్టు మీంచి ఒక అరుపు వచ్చింది. ఎలుగుబంటి పీట మీంచి పడింది. పందులు పిల్లల్ని తోలుకుని గట్టెక్కాయి. అవి ఎక్కిన కాసేపటికే వాగు పొంగింది. ఒక్క ప్రాణమూ పోలేదు. గుండడికి కొలువిచ్చి, సన్మానసభ పెట్టారు.

"నాయనా, ఈ గొంతు కోసం ఎన్ని కష్టాలు పడ్డావో సభకి చెప్పు" అంది ఎలుగుబంటి.

"ఏం పడలేదండి. తిన్నాను, పడుకున్నాను. అమ్మ లేపలేదు."

సభ మొహం వాడిపోయింది. కొందరు తల్లులు పిల్లల చెవులు మూశారు.

"అలా అనకూడదు నాయనా, పిల్లలు చెడిపోతారు" అని ఎలుగుబంటి వాడి చెవిలో ఊదింది.

గుండడు గొంతు సవరించుకున్నాడు. "చెట్టుతొర్రలో పెరిగాను. ఆడుకోవడానికి తోడు లేదు. బడికి పోయే యోగం కూడా దక్కలేదు."

సభ వెక్కివెక్కి ఏడ్చింది. ముందు వరసలో చిత్తడమ్మ లేచి ఏదో చెప్పబోయింది గానీ, చప్పట్లలో వినపడలేదు. వెనక వరసలో ధవళం మాస్టారు టేకాకు తీసి రాసుకుంటున్నాడు. "తొర్రలు అద్దెకు కావలెను."

నీతి: కష్టాలు పడి పైకొచ్చేవాళ్ళు కొందరే, పైకొచ్చాక కష్టాలు సమకూర్చుకునేవాళ్ళే ఎక్కువ.