మిల్లీమీటరు ఇరవై రెండున్నర

శుక్రవారం పొద్దున బల్బుల షావుకారు ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య ఒక చీటీ ఇస్తుంది. ఆయన కొట్టు తెరిచి, బేరాలు పల్చబడ్డ వేళ చూసుకుని, చీటీలో ఉన్న నాలుగు నంబర్లకి ఫోన్ చేసి, ఏ లెన్సు ఇంకా అమ్ముడుపోలేదో కనుక్కుంటాడు. సాయంత్రం ఆవిడ వెళ్ళి కొనుక్కుంటుంది. అంతే పని. కానీ షావుకారుకి పాతికేళ్ళుగా ఒక జబ్బుంది. చెప్పిన ధరకి ఏ వస్తువునీ కొనలేడు. కొంటే వారం రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడడు. పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని పడుకుని కూడా వేళ్ళతో సైగలు చేసి రెండు వందలు తగ్గించిన మనిషి.

"ఇవన్నీ సెకండ్ హ్యాండువే. మన కెమెరాకి పనికొచ్చేవి చూసి రాశాను," అంది భార్య చీటీ చేతిలో పెడుతూ. "పది వేలు దాటకూడదు. దాటితే మన దగ్గర లేవు."

"పదిదాకా ఎందుకు పోతుందే? ఏడులో తెచ్చి చేతిలో పెడతా చూడు."

"మీరేం తేవద్దు. ఉందా లేదా కనుక్కోండి చాలు. బేరం మాత్రం ఆడకండి, మీకు దణ్ణం పెడతా."

ఆవిడ భయపడటానికి కారణం ఉంది. ఇంటి ముందుగదిలో ఆవిడది చిన్న ఫోటో స్టూడియో. పన్నెండేళ్ళుగా తెల్ల గోడ, చెక్క కుర్చీ, "గడ్డం కొంచెం పైకెత్తండి". పాస్‌పోర్టు ఫోటోలు తీసి తీసి ఆవిడకి మనుషులు భుజాల పైభాగమే గుర్తుంటారు. అలాంటిది క్రీడామైదానం మేనేజరు మొన్న ఒక అవకాశం ఇచ్చాడు. శనివారం పిల్లల పరుగు పందేలు. కట్టిన తాడుకి ఇవతల నిలబడే తియ్యాలి. మొహాలు స్పష్టంగా వస్తే ఈ సీజను పందేలన్నీ ఆవిడకే, రాకపోతే ఇంకొకతను సిద్ధంగా ఉన్నాడు. ఆవిడ దగ్గరున్న లెన్సుతో తాడు ఇవతల నుంచి తీస్తే పిల్లలు గచ్చు మీద చీమల్లా పడతారు. తన చీమ ఏదో గుర్తుపట్టి డబ్బిచ్చి ఫోటో కొనుక్కునే తల్లి ఎక్కడా ఉండదు. దూరాన్ని దగ్గరకు లాగే జూమ్ లెన్సు రేపటిలోగా రావాలి. ఆవిడకేమో సాయంత్రం నాలుగు దాకా ఒక బడిలో ఐడీ కార్డు ఫోటోల పని.

కొట్లో కూర్చున్నాక షావుకారు చీటీ విప్పాడు. నాలుగూ మూడు వందల మిల్లీమీటర్ల లెన్సులు. ధరలు తొమ్మిదికీ పదికీ మధ్య. లెన్సుల గురించి ఆయనకి ఓనమాలు తెలియవు. అయినా తెలియని సరుకు కొనడం ఆయనకి కొత్త కాదు. వైరు మీటర్ల లెక్కన కొంటాడు, లెన్సు మిల్లీమీటర్ల లెక్కన కొనాలి, తేడా ఏముంది? కాగితం మీద భాగించాడు. ఒకటి మిల్లీమీటరు ముప్పై పడింది, ఇంకొకటి ముప్పై మూడు.

"ముప్పై మూడా! ఏం, బంగారు పూత వేశారా?" అని తనలో తను మండిపడి, ఫోన్లో వెతకడం మొదలుపెట్టాడు. పావుగంటలో ఒక ప్రకటన దొరికింది. రిటైరైన మాస్టారెవరో కొండలెక్కి పిట్టల ఫోటోలు తీసేవాడట. మోకాళ్ళు మొరాయించడంతో సామాను అమ్ముకుంటున్నాడు. అందులో రెండు లెన్సులున్నాయి. ఒకటి మూడు వందలది, ఎనిమిదిన్నర వేలు. మిల్లీమీటరు ఇరవై ఎనిమిది పైచిలుకు. షావుకారు కాగితం మీద దాన్ని గీత పెట్టి కొట్టేశాడు. రెండోది నాలుగు వందల దాకా లాగే జూము, తొమ్మిది వేలు. మిల్లీమీటరు ఇరవై రెండున్నర!

అక్కడితో ఆగి, "ఇదిగో ఇది చూడు" అని భార్యకి ఒక్క మెసేజ్ పెట్టి ఉంటే ఈ కథ లేదు. కానీ షావుకారు అప్పటికే తొమ్మిదిని ఏడు చేసే దారి వెతుకుతున్నాడు. పాత జనరేటరు కొన్నప్పుడు ఆయన వేసిన ఎత్తు ఒకటుంది. ముందు ముగ్గురు మనుషులు వేరువేరుగా ఫోన్ చేసి మరీ తక్కువ ధరలు చెప్తారు. అమ్మేవాడికి గుండె జారిపోతుంది. ఆ తర్వాత తను మెల్లగా ఏడంటే దేవుడు దిగొచ్చినట్టు ఉంటుంది.

మొదటి మనిషి కొట్లో గుమస్తా. ముప్పై ఏళ్ళుగా ఆ కౌంటరు వెనకే ఉన్నాడు. "నాలుగు వేలిస్తానను. పాతదని పెదవి విరిచి పెట్టెయ్," అని చెప్పి, షావుకారు పక్కనే చెవి ఒగ్గి నిలబడ్డాడు.

"లెన్సు గురించండీ. నాలుగు వేలిస్తానండీ," అన్నాడు గుమస్తా.

"నాలుగుకి రాదు బాబూ," అంది అవతలి గొంతు మర్యాదగా.

పెదవి విరవాల్సిన చోట గుమస్తాకి నాలుక దాని అలవాటు ప్రకారం పోయింది. "నిజమేనండీ. ఇలాంటి సరుకు ఇప్పుడు ఎక్కడొస్తోంది? కంపెనీయే ఆపేసింది. ఇంకో నెల పోతే ఈ ధరకి కళ్ళ చూడలేరు."

షావుకారు తల పట్టుకున్నాడు. "ఎవరికయ్యా అమ్మావు?"

"అలవాటైపోయిందండీ," అన్నాడు గుమస్తా. సొంతదారుకే అతని సరుకు అమ్మి ఫోన్ పెట్టేసిన మనిషిని వదిలేసి షావుకారు పక్క కొట్టుకి నడిచాడు.

రెండో మనిషి పక్క కొట్టు టైలరు. "లోపాలు అడుగు. గీతలున్నాయా, బూజు పట్టిందా అని వేధించు. ఐదు చెప్పు," అన్నాడు షావుకారు. టైలరు తన ఫోన్ పుచ్చుకుని అద్దం ముందుకెళ్ళాడు. పావుగంట గడిచింది. మెషీను చప్పుళ్ళ మధ్య ముక్కలు ముక్కలుగా వినిపించింది: "పొడవెంతన్నారు... చుట్టుకొలత? మెడ దగ్గర తీసుకోండి సార్... పూర్తిగా లాగితే ఎంత పెరుగుద్ది?" అవతల మాస్టారు పాపం టేపు తెచ్చి కొలిచి మరీ చెప్తున్నాడు.

టైలరు మెరిసే మొహంతో వచ్చాడు. "మంచి సరుకు షావుకారూ. ఎక్కడా వంకర లేదు."

"ధర ఏమన్నాడు?"

"అయ్యో, ధర!" టైలరు నాలుక కరుచుకున్నాడు. "మాటల్లో పడి మర్చిపోయా. సాయంత్రానికి సంచీ కుట్టి తెస్తానని మాత్రం చెప్పా."

మూడో మనిషిగా పిలవకుండానే బావమరిది దిగాడు. డ్రైవింగ్ నేర్పడం అతని వృత్తి. పక్క సీట్లో కూర్చుని ఇంకొకరి చక్రం తిప్పడం అలవాటు. "ఇలాంటివి నాకొదిలెయ్ బావా," అని నంబరు లాక్కుని, తన ఫోన్లోంచి చేసి, గొంతు బొంగురు చేశాడు. "సార్, మేం కంపెనీ వాళ్ళం. ఇవి నెలకి యాభై తీసుకుంటాం. మూడు వేల చొప్పున. మీ దగ్గర ఇంకెన్నున్నాయి?"

ఫోన్ పెట్టేసి కాలరెగరేశాడు. "మూడు వేలకి యాభై దొరుకుతున్నాయంటే ఇంక ఆ తొమ్మిదెవడిస్తాడు బావా? ముసలాయన ఈపాటికి చెమటలు తుడుచుకుంటుంటాడు."

షావుకారు ఓ అరగంట ఆగి, దిగులు గొంతుతో తనే ఫోన్ చేశాడు.

"పొద్దుట్నుంచి మీరు నాలుగోవారు బాబూ," అన్నాడు మాస్టారు. గొంతులో చెమట లేదు, సంతోషం ఉంది. "పద్నాలుగు వేలు."

"తొమ్మిదని రాశారు కదండీ!"

"రాసినప్పుడు నాకు దాని విలువ తెలీదు. ఒకాయన కంపెనీ ఆపేసిందన్నాడు. ఇంకొకాయన అప్పుడే సంచీ కూడా కుట్టేస్తున్నాడు. ఒక కంపెనీ అయితే నెలకి యాభై చాలక నాలాంటి వాళ్ళ ఇళ్ళు వెతుకుతోంది. పద్నాలుగు తక్కువేనేమో అని మా ఆవిడతో అంటున్నా."

షావుకారు అరికాలి మంట నెత్తికెక్కింది. ముగ్గురినీ వరసగా నిలబెట్టి, "మళ్ళీ చేసి, మాకొద్దని చెప్పండి!" అన్నాడు. ముగ్గురూ ఐదు నిమిషాల్లో వద్దన్నారు. ఆరో నిమిషంలో మాస్టారి ఫోను మూగబోయింది. పదిసార్లు చేసినా స్విచ్చాఫ్.

అప్పుడు గుర్తొచ్చింది చీటీ. మొదటి నంబరు వాళ్ళు, "పదకొండింటికే ఇచ్చేశామండీ" అన్నారు. రెండోది నిన్ననే పోయిందట. మూడోది ఎత్తలేదు. నాలుగోది, "ఇప్పుడే పట్టుకెళ్ళారు, ఒక్క పది నిమిషాలు ముందు చెయ్యాల్సింది" అంది. ఇన్నేళ్ళ వ్యాపారంలో షావుకారు తగ్గింపులు కూడటమే కానీ పోయిన వేళని కూడలేదు. రెండు వేలు మిగుల్చుదామని బయల్దేరి భార్య శనివారాన్ని పోగొట్టాడు. లెన్సుకని ఇంట్లో ఉంచిన పది వేలు తెచ్చుకుని, గల్లాపెట్టెలోంచి ఇంకో నాలుగు తీసి జేబులో కుక్కుకుని, ప్రకటనలో ఉన్న చిరునామాకి స్కూటరు పరిగెత్తించాడు.

గేటు దగ్గర మాస్టారే ఎదురయ్యాడు. లెన్సు కోసం వచ్చానన్నాడు షావుకారు. "అయ్యో బాబూ, ఆ నాలుగు వందలది ఇప్పుడే పోయింది. ఎవరో హెల్మెట్ కుర్రాడు. పద్నాలుగంటే మారు మాట్లాడకుండా లెక్కపెట్టి ఇచ్చాడు."

షావుకారు స్కూటరు వెనక్కి తిప్పాడు. వచ్చిన దారినే తిరిగి ఇంటికెళ్ళాడు. భార్య అప్పుడే బడి నుంచి వచ్చి మొహం కడుక్కుంటోంది. ఆయన కుర్చీలో కూలబడి, ఒక్కటీ దాచకుండా మొత్తం చెప్పేశాడు. గుమస్తా, టైలరు, కంపెనీ, పద్నాలుగు, చీటీలో పోయినవి. ఆవిడ తువ్వాలు మొహం మీదే ఉంచుకుని విన్నది. ఆ తువ్వాలు వెనక ఏముందోనని షావుకారు అటూ ఇటూ వంగి చూశాడు.

"ఏదీ, ఆ లెన్సు ఫోటో చూపించండి."

చూపించాడు. ఆవిడ చూసింది. ఇంకోసారి పెద్దది చేసి చూసింది. తర్వాత మంచమ్మీద కూర్చుని పగలబడి నవ్వింది.

"ఇది మన కెమెరాకి పట్టదండీ! వేరే కంపెనీ వాళ్ళది. వెనకాల తగిలించే చోటే వేరు."

"అన్నీ ఒకటే కాదా?"

"బల్బు కోసం వచ్చిన ప్రతివాణ్ణీ, పిన్ను హోల్డరా, మర హోల్డరా అని అడిగితే కానీ చేతికివ్వరు. అదే మాట మాస్టార్ని అడగడానికి ఏమొచ్చింది మీకు?"

షావుకారు లెన్సు ఫోటోని ఇంకోసారి చూసుకున్నాడు. ఆపైన ఒంట్లోకి ప్రాణం మెల్లగా తిరిగొచ్చింది. పొద్దున్నే చెప్పిన ధరకి కొని ఉంటే తొమ్మిది వేలూ బూడిదలో పోసినట్టే! సరుకు చేజారినందుకు ఆయన సంతోషించడం జీవితంలో అదే మొదలు. ఆ హెల్మెట్ కుర్రాడెవడో కానీ వాడి కడుపు చల్లగా ఉండాలనుకున్నాడు.

బయట బైకు ఆగిన చప్పుడైంది. హెల్మెట్ చంకలో పెట్టుకుని బావమరిది లోపలికొచ్చాడు.

"అక్కా, బావా, కళ్ళు మూసుకోండి! నావల్లే కదా ధర పెరిగిందని మనసాగక, కారు టైర్లకి దాచుకున్న డబ్బు పెట్టి పట్టుకొచ్చా." బల్ల మీద లెన్సు నిలబెట్టాడు. నల్లగా, లావుగా, గొప్పగా ఉంది. "ఏంటి, ఇద్దరికీ నోటమాట రావట్లేదు? అంత ఆనందమా?"

ఐదింటికి ముగ్గురూ మాస్టారి గుమ్మంలో ఉన్నారు. భార్య మెడలో కెమెరా, బావమరిది చేతిలో లెన్సు, షావుకారు మొహంలో నెత్తురు చుక్క లేదు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని ఆయన కొట్లో ఎర్రరంగుతో రాయించిన బోర్డుంది. ఆ మాట ఎన్నిసార్లు ఎంత నవ్వుతూ చెప్పాడో ఆయనకే తెలుసు. ఇప్పుడు మాస్టారు అదే అంటే బావమరిది టైర్లు గోవిందా. అందుకని బేరగాడి తెలివి పక్కనపెట్టి, ఉన్నదున్నట్టు చెప్పుకొచ్చాడు.

మాస్టారు కళ్ళజోడు పైనుంచి చూశాడు. "అయితే ఆ సంచీ కుట్టేవాడు?"

"మా పక్క కొట్టు టైలరండీ."

"నెలకి యాభై తీసుకునే కంపెనీ?"

బావమరిది క్లాసులో దొరికిపోయినట్టు మెల్లగా చెయ్యెత్తాడు.

మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి పెద్దగా ఊపిరి వదిలాడు. "బతికించారు బాబూ! తొమ్మిది వేల వస్తువుకి పద్నాలుగు చెప్పానని మా ఆవిడ మధ్యాహ్నం నుంచి నాతో మాట్లాడటం లేదు. ఫోను కట్టేసింది కూడా ఆవిడే." లోపలికెళ్ళి, పద్నాలుగు వేలూ తెచ్చి బావమరిది చేతిలో పెట్టాడు. బావమరిది ఎందుకైనా మంచిదని వెంటనే లోపలి జేబులో పెట్టుకుని గుండీ పెట్టుకున్నాడు.

షావుకారి భార్య కెమెరా చూపించింది. "దీనికి సరిపోయేది మీ దగ్గర ఏమైనా ఉందా మాస్టారూ?"

"నా కెమెరా కూడా అదేనమ్మా!" అంది లోపల్నుంచి మాస్టారి భార్య చెయ్యి తుడుచుకుంటూ వచ్చి. "నా లెన్సు కూడా అందులోనే పెట్టారు. అందరూ ఆయన దాని గురించే అడిగారు కానీ, నా దాని ఊసెత్తినవాడు లేడు."

అదే, షావుకారు పొద్దున కొట్టేసిన మూడు వందలది. భార్య దాన్ని వెలుతురుకెత్తి అటూ ఇటూ చూసింది, బూజు లేదు. రింగు తిప్పింది, ఎక్కడా పట్టెయ్యకుండా తిరిగింది. కెమెరాకి తగిలించింది. టక్ మని పట్టింది. ఆ చప్పుడు షావుకారు చెవులకి గల్లాపెట్టె మూసినంత హాయిగా తోచింది. ఆవిడ వరండాలోకెళ్ళి, రెండు వీధుల అవతల నీళ్ళ ట్యాంకు మీద వాలిన పావురాల్ని పది దాకా తీసింది. తెర మీద ఒకదాన్ని పెద్దది చేసి చూపించింది. పావురం కంట్లో మెరుపు కనిపిస్తోంది.

"రేపు పిల్లల మొహాలు ఇలాగే వస్తాయి," అంది. పొద్దుట్నుంచి మొదటిసారి ఆవిడ భుజాలు కిందికి దిగాయి.

"ఎనిమిదిన్నర," అన్నాడు మాస్టారు.

అందరూ షావుకారు వైపు చూశారు. ఏడు అన్న మాట ఆయన గొంతు దాకా వచ్చింది. గుటక వేశాడు. ఎనిమిదిన్నర లెక్కపెట్టి బల్ల మీద పెట్టి, చేతులు జోడించాడు. బావమరిది ఆయన నుదురు తాకి జ్వరమేమైనా ఉందా అని చూశాడు.

గేటు దాటుతుంటే వెనక నుంచి మాస్టారి గొంతు వినిపించింది.

"మారుమాటాడకుండా ఇచ్చాడంటే, మనమే తక్కువ చెప్పి మోసపోయామే."