వీరగల్లు వారసుడు

"సరిహద్దులో ప్రాణమిచ్చిన సైనికుడప్పా! ఆయన ఫ్యామిలీ యాడున్నా ట్రేస్ చేస్తాం. వాళ్ళ ఇల్లు గానీ అంగడి గానీ కూలగొట్టే మొనగాడు పుట్టలేదు!" అని ఎమ్మెల్యే మునీంద్ర అత్తిబెలె బజారులో ప్రకటించాడు. ఆ సైనికుడు పోయి వెయ్యేళ్ళు దాటింది. అంతమాత్రాన మరచిపోయే నాయకుడు కాడాయన.

రోడ్డు వెడల్పు కోసం వెంకటరాయప్ప హార్డ్‌వేర్ షాపు ముందు జేసీబీ తవ్వుతుంటే వీరగల్లు, అంటే వీరుడి స్మారక శిల, బయటపడింది. ఎల్ల దగ్గర పోరులో పడిపోయిన వీరుడి బొమ్మ, కింద పాత కన్నడ అక్షరాలు. తర్వాత కూలాల్సింది ఆ షాపే. వెంకటరాయప్ప వ్యాపారంలో నేర్చుకున్నది ఒకటే: గిరాకీ ఉన్న సరుకు మన దగ్గర లేదనకూడదు. ఎమ్మెల్యేకు ఆ వీరుడి వారసుడు కావాలి. సాయంత్రానికి వారసుడు తయారు.

"మీ నాయిన ఎన్నడూ చెప్పనే లేదే?" అంది భార్య భాగీరథమ్మ.

"గొప్పలు చెప్పుకునే వంశం కాదే మాది!"

వంశవృక్షంలో పేర్లు చాలకపోతే, షాపు పద్దుల్లోని పాత ఖాతాదారులను పూర్వీకులుగా ఎక్కించాడు. మునీంద్ర స్వయంగా వచ్చి అతని ముఖం పరీక్షించాడు.

"ఆ ముక్కు చూడండప్పా, అచ్చం అదే ముక్కు!"

రాతి వీరుడి ముక్కును జేసీబీ అప్పటికే ఊడగొట్టింది. జనం చప్పట్లు కొట్టారు.

సన్మాన సభ పెట్టారు. వెంకటరాయప్పకు శాలువా కప్పారు. శాసనం చదవడానికి చరిత్ర లెక్చరర్ రంజితను పిలిపించారు.

"ఒక్క అక్షరం వదలొద్దమ్మా. జనానికి తెలియాల," అన్నాడు మునీంద్ర.

రంజిత వదల్లేదు. "శత్రువులను తరిమి ఈ వీరుడు ఎల్ల దగ్గర ఒరిగాడు. మెచ్చిన రాజు చెరువు కింది భూమినంతా ఇతని సంతానానికి ఇచ్చాడు. సూర్యచంద్రులున్నంత కాలం అది వాళ్ళదే."

చెరువు కింద ఇప్పుడున్నది మునీంద్ర వేసిన లేఅవుట్.

లాభం మితిమీరితే బేరం చెడుతుందని వెంకటరాయప్పకు తెలుసు.

"అన్నా, ఆ భూమి నాకొద్దన్నా. అంగడి ఒకటి మిగిలితే చాలు," అని గొణిగాడు.

మునీంద్ర అప్పటికే కళ్ళు తుడుచుకుని మైకు అందుకున్నాడు.

"ఎంత త్యాగమప్పా! దేశసేవలో పడి ఈ మహావీరుడు పెండ్లే చేసుకోలేదు!"

జనం ఈసారి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పార్టీ కార్యకర్త బసవరాజు వచ్చి, వెంకటరాయప్ప భుజాల మీది శాలువా తీసి మర్యాదగా మడతపెట్టాడు.

"ఆ వీరునికి తమ్ముడన్నా ఉండాడేమో చూడన్నా..." అన్నాడు వెంకటరాయప్ప, మైకు దాకా వంగి.

మునీంద్ర ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"ఒక్కడే కొడుకప్పా!"