పాదరక్షల మినహాయింపు

మనిషి జీవన నాణ్యతను ఇరవై మార్కులకు కొలవవచ్చునని కడపలోని ఒక మధుమేహ జీవనశైలి విద్యా కేంద్రం కనిపెట్టింది. (అంతకుముందు మనమంతా ఎలా బతికామో ఆ దేవుడికే తెలియాలి.)

కేంద్రంలో చేరినవారికి మొదటి పాఠం పాదాల గురించి. షుగరు ఉన్నవాళ్లు ఇంట్లో కూడా చెప్పులు లేకుండా అడుగు తీసి అడుగు వేయరాదు. ఈ పాఠం వినాలంటే గేటు దగ్గరే చెప్పులు విడిచి, నల్లబండలు పరిచిన ఆవరణలో అరవై అడుగులు నడిచి రావాలి. తరగతి మే నెలలో, మధ్యాహ్నం రెండింటికి. రెండు నిబంధనల కిందా ఒకే అధికారి సంతకం ఉంది కనుక వాటి మధ్య వైరుధ్యం ఉండే అవకాశం లేదు.

బండల పాలిష్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లుగా నిలబడి పనిచేస్తున్న రసూల్ సాహెబ్‌కు షుగరు వల్ల అరికాళ్లలో స్పర్శ పోయింది. ఆయన బుద్ధిగా చెప్పులు విడిచాడు. ఊరుకోలేకపోయింది ఆయన భార్య మాబున్నీసా.

“చెప్పులు ఏసుకోమనేదీ మీరే, ఇడిసిపెట్టమనేదీ మీరే. ఏ మాట ఇనల్ల సార్ మేము?” అని జీవనశైలి సమన్వయాధికారి శ్రీనివాసులును నిలదీసింది.

“మొదటిది పాఠమమ్మా, రెండోది రూలు,” అన్నాడాయన ఓపికగా. “కాలికి పుండు ఉన్నోళ్లకు మినహాయింపు ఉండాది. సాహెబ్‌కు పుండు ఉండాదా?”

“పుండు కాకుండా చూసుకుందామనే కదా సార్ ఈడికొచ్చింది!”

“అట్లయితే అర్హత లేదు.”

తరగతి అయ్యాక నాణ్యత పరీక్ష. ‘నడిచేటప్పుడు పాదాలలో మంట, నొప్పి ఉన్నాయా?’ అన్నది ముఖ్యమైన ప్రశ్న.

“నొప్పి యాడిది సార్? సూది గుచ్చినా తెలీదు,” అన్నాడు రసూల్ సాహెబ్.

ఇరవైకి ఇరవై. అందరూ చప్పట్లు కొట్టారు. (పక్కనున్న కిరాణా కొట్టు నాగసుబ్బయ్య మాత్రం అరికాళ్లు మండిపోతున్నాయని నిజం చెప్పి, ఆరు మార్కులతో తలదించుకున్నాడు.)

ఇంటికెళ్లి కాళ్లు కడుగుతుంటే రసూల్ సాహెబ్ ఎడమ అరికాలిలో రూపాయి బిళ్లంత బొబ్బ కనిపించింది. మాబున్నీసా ఏడుపందుకుంది. వాళ్ల వీధిలో కాలు తీసేసిన ఇద్దరికీ మొదట ఇంతే అయింది. “నొప్పే లేదు, ఎందుకే ఏడుస్తావు?” అని ఆయన ఓదార్చాడు. ఆ ఓదార్పుకు ఆమెకు ఇంకా భయమేసింది.

మర్నాడే ఆటోలో తీసుకొచ్చి బొబ్బ చూపించింది. శ్రీనివాసులు రికార్డు తిరగేశాడు. ఇరవై మార్కుల మనిషికి పుండు ఉందంటే కేంద్రం సగటు పడిపోతుంది. అందువల్ల పుండును పరిశీలనకు పంపారు. (కాలు కూడా దానితోపాటే వెళ్లింది, చెప్పు లేకుండా.) పరిశీలన మూడుసార్లు వాయిదా పడింది. వాయిదాకు అరవై అడుగులు.

మూడో వాయిదాకు మాబున్నీసా గొంతు పెంచింది. “ఈ కాళ్ల మీదే మా ఇల్లు నిలబడిండాది సార్! అవి పోతే మీరు తెచ్చిస్తారా?”

కేంద్రం చలించింది. వారం తిరక్కుండా ఉత్తర్వు ఇంటికే వచ్చింది:

‘శ్రీ రసూల్ సాహెబ్ గారి ఎడమకాలికి ఆవరణలో చెప్పు ధరించుటకు అనుమతించడమైనది. కుడికాలు అర్హత సాధించిన వెంటనే విడిగా దరఖాస్తు చేసుకొనవచ్చును.’