ఉప్పు రేవు మన్నిక

ఒక రేవు సరిగ్గా పనిచేస్తోందో లేదో అక్కడ పనిచేసేవాళ్లకు తెలిసే అవకాశం లేదని 1962లో ప్రభుత్వం కనిపెట్టింది. వెంటనే రేవుల సామర్థ్య, మన్నికల కొలత శాఖను పెట్టి, ఇన్‌స్పెక్టరు పద్మనాభయ్యగారిని కోట అవతల కాలవగట్టున ఉన్న ఉప్పు రేవుకు పంపింది. ఆయన వెంట ఒక గడియారం, ఒక టేపు, పదకొండు రకాల ఫారాలు వచ్చాయి. (కుర్చీ మాత్రం రేవువాళ్లే ఇచ్చుకోవాలని నిబంధన.)

ఆ పొద్దున గట్టుమీద ఉప్పు కుప్ప, కాలవలో నరసయ్య పడవ, నెత్తిమీద నల్లటి మోడం ఉన్నాయి. నాగులమ్మ, ఆమె వెంట పదకొండుమంది ఆడవాళ్లు నెలన్నర పాటు ఎండలో పోగేసిన ఉప్పు అది.

సామర్థ్యం కొలవాలంటే ప్రతి గంపా బయలుదేరిన వేళ, చేరిన వేళ రాయాలి. మన్నిక కొలవాలంటే గట్టు ఎంత అరుగుతోందో తేలాలి కనుక, ఒక అడుగు పడ్డచోట గుంట లోతు టేపుతో చూశాకే మోసే మనిషి రెండో అడుగు వెయ్యాలి.

నాగులమ్మ నెత్తిన గంపతో ఒంటికాలిమీద నిలబడింది.

"అయ్యా, వానొస్తాంది. తడిస్తే ఉప్పంతా కాలవలోకి పోద్ది."

"వానకు ఫారం లేదమ్మా," అన్నారు పద్మనాభయ్యగారు దయగా. "ఎడమకాలు దించకు. ఇంకా రాయలేదు."

మధ్యాహ్నానికి మూడు గంపలు పడవెక్కాయి. నాగులమ్మ నరసయ్యను పక్కకు పిలిచింది.

"అన్నా, సారుకు చేపల పులుసుతో అన్నం పెట్టు. చాలన్నా వినబాక."

సారు చాలన్నా నరసయ్య వినలేదు. మూడో వడ్డనకు ఇన్‌స్పెక్టరుగారు పాకలో వాలిపోయి గురక పెట్టారు.

ఇక చూడాలి! పన్నెండుమంది ఆడవాళ్లు చీరలు ఎగ్గట్టి పరుగు. జారి పడ్డారు, ఒకరినొకరు తిట్టుకున్నారు, నవ్వలేక గంపలు పట్టుకుని కూలబడ్డారు, మళ్లీ లేచారు. మూడొందల గంపలు ఎక్కాయి. తాటాకు చాపలు కప్పి, నరసయ్య గడ వేసి పడవను కదిపాక తొలి చినుకు పడింది.

ఇన్‌స్పెక్టరుగారు లేచి అడిగారు: "పడవేది?"

"పోయినాది సార్," అంది నాగులమ్మ.

"కొలవకుండానా?"

"నిద్ర లేపడం మర్యాద కాదు గదా."

ఆయన నిజాయితీపరుడు. ఉన్నదున్నట్టు రాసి పంపారు. నాలుగు నెలలకు జవాబు వచ్చింది: కొలవని గంపలు ఎక్కనట్టే లెక్క. రోజుకు మూడే గంపలు ఎక్కే ఈ రేవును మూసివేయడమైనది. అయితే, గట్టు దాదాపు అరగనందున మన్నికలో ప్రథమ బహుమతి ఈ రేవుకే ఇవ్వడమైనది.

మూసేసిన ఆ రేవు నుంచి ఇప్పుడు రోజుకు రెండు పడవలు బయలుదేరుతున్నాయి. మూసిన చోటికి ఇన్‌స్పెక్టరును పంపే నిబంధన లేదు.