కల్వర్టు దాటిన బండి

ఆ ఉదయం ట్రాఫిక్ ఇంజినీరు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అమ్మను కారులో ఎక్కించుకుని కల్వర్టు అవతలి ఆసుపత్రిలో డయాలసిస్‌కు దించాలి. అదే రోడ్డున ముందుకు వెళ్ళి, పక్క నగరం ఆఫీసులో జరిగే అభ్యంతరాల విచారణలో బల్ల గుద్ది మాట్లాడాలి. బల్ల గుద్దడం ఆయన స్వభావం కాదు కాబట్టి, ఆ ఒక్కటీ కొన్నాళ్ళుగా ఇంట్లో సాధన చేస్తున్నాడు.

సంగతేమిటంటే, పక్క నగరం వాళ్ళు తమ మాస్టర్ ప్లాన్ మార్చి, కల్వర్టు అవతలి పొలాలన్నిటినీ గోదాములకు కేటాయించబోతున్నారు. ఇప్పటికే కొన్ని లేచాయి. గోదాములు వాళ్ళవి, వాటి మీద పన్ను వాళ్ళది, వాటికోసం వచ్చే లారీలు మాత్రం ఈ ఊరి ఇరుకు రోడ్డువి. అమ్మ రక్తాన్ని శుభ్రం చేసే యంత్రం అవతలే ఉంది, అక్కడికి వేరే దారి లేదు. ఉన్న లారీలకే ఆమె తరచు ఆలస్యంగా చేరుతోంది. మిగతా గోదాములు కూడా వస్తే ఇక చేరడమంటూ ఉండదు. ఈ సంగతి కొడుక్కీ తెలుసు, తల్లికీ తెలుసు. ఇంట్లో ఇద్దరూ ఆ మాట ఎత్తరు.

కిందటి విచారణలో ఆయన అభ్యంతరాన్ని "పాత లెక్కలండీ ఇవి" అని తోసేశారు. అది ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది. అందుకే ఈసారి బండ్ల లెక్క విచారణ రోజునే, రద్దీ వేళలోనే, కల్వర్టు మీదే తీయాలని పట్టుబట్టాడు. మధ్యలో ఎవరో చెయ్యి పెట్టారన్న మాట రాకుండా, లెక్క యంత్రం నుంచి నేరుగా అవతలి ఆఫీసుకే వెళ్ళాలని తనే నిబంధన పెట్టించాడు. మొదలుపెట్టాక మధ్యలో ఆపితే లెక్క చెల్లదన్నదీ ఆయన పెట్టించిందే. ఆ రోజు ఆయన తృప్తిగా భోంచేశాడు.

యంత్రమంటే పెద్ద ఆర్భాటమేమీ కాదు. రోడ్డుకు అడ్డంగా పరిచే ఒక రబ్బరు గొట్టం, దాని పక్కన ఒక పెట్టె. గొట్టం మీదుగా బండి వెళితే పెట్టె టక్కుమంటుంది. పరిచే పని సహాయకుడిది. ఎప్పుడూ నడుముకు కొలత టేపు తగిలించుకుని తిరుగుతాడు కాబట్టి ఆఫీసులో అంతా టేపాయన అంటారు. చెప్పింది చెప్పినట్టు చేయడం ఆయనలోని సుగుణం. ఎందుకని అడగకపోవడం రెండో సుగుణం. "ఒక్క బండి కూడా లెక్క తప్పడానికి వీల్లేదు. ప్రతిదీ గొట్టం మీంచే పోవాలి" అని ఇంజినీరు ముందురోజే చెప్పాడు. తీరా పరిచి చూస్తే గొట్టం సగం రోడ్డుకే సరిపోయింది. టేపాయన గడ్డం గోక్కుని, మిగతా సగం రోడ్డును నారింజ రంగు కోన్లతో మూసేశాడు.

మెరిసే జాకెట్లు తొడుక్కున్న మనుషులు, కోన్లు, రోడ్డుకు అడ్డంగా గొట్టం. ముందు వచ్చిన లారీ డ్రైవరుకు ఇది బరువు తనిఖీ తప్ప మరోలా కనిపించలేదు. అతని లారీలో ఉండాల్సిన దానికన్నా చాలా సరుకు ఉంది. గొట్టానికి కొంచెం ఇవతలే ఇంజను ఆపి, కిందికి దిగి, బండి చెడిపోయినట్టు బోనెట్ ఎత్తాడు. వెనకవాడు అది చూసి తనూ బోనెట్ ఎత్తాడు. కాసేపట్లో రోడ్డు పొడుగునా లారీలన్నీ ఒకేసారి జబ్బు పడ్డాయి.

వరసలో చాలా వెనక, కారులో కూర్చున్న ఇంజినీరు ఫోన్ చేశాడు.

"లెక్క మొదలైందా?"

"ఎప్పుడో మొదలైంది సార్."

"ఎంతయింది?"

"సున్నా సార్."

"యంత్రం పని చేస్తోందా అసలు?"

"బ్రహ్మాండంగా చేస్తోంది సార్. ఏమీ పోవట్లేదు కదా, సున్నా చూపిస్తోంది. గొట్టం చాలని సగం రోడ్డు కూడా కోన్లతో మూసేశాను."

"ముందు ఆ కోన్లు తీసెయ్యండి!"

"తియ్యలేను సార్. వాటి ముందు జనం కూర్చున్నారు."

"జనమేంటి?"

జనం ఎందుకంటే, రోడ్డు వారన ఇళ్ళవాళ్ళకు టేపాయన టేపు కనిపించింది. టేపు వస్తే వెనకే గునపం వస్తుందని వాళ్ళ భయం. లారీల కోసం రోడ్డు వెడల్పు చేస్తారని ఎప్పణ్ణుంచో అనుకుంటున్నారు. "ఇళ్ళు కొట్టేస్తున్నారు!" అన్న కేక ఒక కిటికీలోంచి ఇంకో కిటికీలోకి దూకింది. మూలింటావిడ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి కోన్ల ముందు వేసుకుని కూర్చుంది. చూస్తుండగానే ఆమె వెనక కుర్చీలు వరసలు కట్టాయి.

ఇంజినీరు కారు దిగి, లారీల మధ్య నుంచి పరుగులాంటి నడకతో అక్కడికి చేరాడు.

"అమ్మా, ఎవరి ఇల్లూ కొట్టట్లేదు. నా మాట వినండి. నేను ఇంజినీర్ని."

అంతకన్నా చెడ్డ మాట ఆయనకు ఆ క్షణంలో దొరకదు. మూలింటావిడ ఒంటికాలి మీద లేచింది.

"ఓహో, ఇంజినీరువా! నీకోసమే చూస్తున్నాం. ఎంతవరకు కొడతావో చెప్పు. వంటగది వరకా, వీధి గుమ్మం వరకేనా?"

"అసలు కొట్టనండీ! బండ్లు లెక్కపెడుతున్నాం అంతే."

"ఒక్క బండీ పోకుండా దారి మూసేసి లెక్కపెడతావా? మేం అంత పిచ్చివాళ్ళలా కనిపిస్తున్నామా?"

ఎంత ఆలోచించినా ఇంజినీరుకు ఆమె అన్నది నిజమేననిపించింది.

"మా అమ్మ కారులో ఉందండీ," అన్నాడు చివరికి. "ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. టైము దాటితే యంత్రం ఇంకొకరికి ఇచ్చేస్తారు."

మూలింటావిడ ఆయన మొహంలోకి చూసింది. తర్వాత కుర్చీ పక్కకు తోసి, ఆయన వెంట కారు దాకా వచ్చింది. అమ్మ వెనక సీట్లో తల వాల్చి ఉంది. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టక, వాటిని పక్కన పెట్టుకుంది.

"ఏమైందిరా నాన్నా, ఎవరికైనా ప్రమాదమా?"

"లేదమ్మా. నేనే."

లారీల సందుల్లోంచి పార్సిళ్ళ కుర్రాడొకడు స్కూటరు మీద మెలికలు తిరుగుతూ వస్తున్నాడు. మూలింటావిడ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. "పుణ్యం కట్టుకో బాబూ, ఈ పెద్దావిణ్ణి ఆసుపత్రిలో దించు." కుర్రాడు పార్సిళ్ళు ఆమెకు అప్పగించి, హెల్మెట్ తీసి అమ్మకు పెట్టాడు. మూలింటావిడ ముందు నడిచి కేకేసింది. కుర్చీలు రెండు పక్కలకూ జరిగాయి. స్కూటరు గొట్టం మీదుగా వెళ్ళింది. ఆ పూటకు మొట్టమొదటిసారి పెట్టె టక్కుమంది.

ఇంజినీరు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన కారును ఏం చేయాలో తెలియక వెనక్కి చూశాడు.

"మీరు వెళ్ళండి సార్," అన్నాడు వెనక లారీ డ్రైవరు, బోనెట్ మీద చెయ్యి వేసి. "అదెక్కడికి పోతుంది?"

కల్వర్టు అవతల రోడ్డు కడిగి ఆరబెట్టినట్టు ఖాళీగా ఉంది. ఇంజినీరు చెమటలు కక్కుతూ నడిచి వెళ్ళేసరికి, విచారణ అధికారి ముందు లెక్క సిద్ధంగా ఉంది. అధికారి మర్యాదస్తుడు. మంచినీళ్ళు ఇప్పించాడు.

"రద్దీ వేళ మొత్తానికి మీ ఊరి నుంచి మా ఊరికి వచ్చిన బండి ఒకటి. ఆ ఒక్కటీ స్కూటరు."

"మిగతావన్నీ ఆగిపోయాయండీ! ఊరంతా స్తంభించిపోయింది!"

"ఆగిన బండితో మా ప్లానుకు ఏం సంబంధమండీ? దాటితేనే కదా మాకు లెక్క." ఆయన స్వరం చాలా సౌమ్యంగా ఉంది. "యంత్రం మీది, మనిషి మీవాడు, రోజు మీరు ఎంచుకున్నది. ఒక్క స్కూటరు కోసం నగరం ప్లాను ఆపమంటారా?"

ఇంజినీరు బల్ల గుద్దాడు. మంచినీళ్ళ గ్లాసు దొర్లింది. ఎవరో వచ్చి తుడిచారు. ఆ పూటే కాగితం మీద పొలాలు గోదాములయ్యాయి.

ఆయన ఆసుపత్రికి వెళ్ళేసరికి అమ్మ పని అప్పుడే ముగిసింది. ఆలస్యంగా వచ్చినందువల్ల సగమే చేశామని, మిగతాది రేపు చేస్తామని, కాస్త ముందే బయలుదేరమని నర్సు చెప్పింది. ఆయన మంచం పక్కన కూలబడ్డాడు.

"ఏమన్నార్రా?"

"మన రోడ్డు మీద రద్దీయే లేదటమ్మా. పొద్దున్నుంచీ ఒక్క స్కూటరే వెళ్ళిందట."

"అయితే అది నేనే," అంది అమ్మ. నవ్వబోయింది కానీ ఓపిక చాలలేదు. ఆయన ఆమె ఉబ్బిన పాదాలు ఒళ్ళో పెట్టుకుని, తలెత్తకుండా కూర్చున్నాడు. తన చేతులతో తనే దారి మూశానని ఎలా చెప్పాలో ఆయనకు తెలియలేదు. ఆమెకు తెలుసు కాబట్టి అడగలేదు.

ఎండ వాలాక ఆయన కారు కోసం ఒక్కడే కల్వర్టు దాటి నడిచి వెళ్ళాడు. లారీలు బోనెట్లు ఎత్తుకుని ఎక్కడివక్కడే ఉన్నాయి. పొద్దున నడిరోడ్డు మీద వదిలేసిన కారు ఇంతవరకూ ఎవరికీ అడ్డం కాలేదు.