భక్తితో నేర్చిన ఇటాలియన్

దేవుడికి అన్ని భాషలూ వచ్చుననే నమ్మకంతోనే నేనా పనికి దిగాను. ఈ మాట ముందే చెప్పేస్తే మీరు నన్ను మరీ తిట్టుకోరు.

మా చెప్పుల ఫ్యాక్టరీకి ఇటలీ నుంచి కొత్త కుట్టు యంత్రం వస్తోంది. బిగించడానికి అక్కడి మెకానిక్కూ వస్తాడట. ఆయనతో నాలుగు మాటలు మాట్లాడగలిగిన వాళ్ళకే యంత్రం అప్పగిస్తానన్నాడు మేనేజరు. చాటుగా మేమాయన్ని మూతిముడుపుగారంటాం. నవ్వితే జీతాలు పెంచాల్సి వస్తుందని ఆయన భయం. తోలు కత్తిరించీ కత్తిరించీ వేళ్ళు కాయలు కాసిన నాకు ఆ ఉద్యోగం మీద మనసైంది.

చిక్కల్లా మా ఆవిడతోనే. ఆవిడదీ అదే ఫ్యాక్టరీ, కుట్టు విభాగం. నేను ఇటాలియన్ నేర్చుకుంటున్నానని ఆవిడకి తెలిస్తే భోజనాల వేళకల్లా ఫ్యాక్టరీ అంతా చెప్పేస్తుంది, అందరూ పోటీకొస్తారు. అందుకని క్రియల రూపాలన్నీ పొద్దుటి ప్రార్థనలో కలిపేశాను. ప్రార్థనలో ఉన్నవాణ్ణి మా ఇంట్లో ఎవరూ కదిలించరు.

కళ్ళు మూసి, చేతులు జోడించి రాగం తీసేవాణ్ణి: "పార్లో, పార్లి, పార్ల, పార్లియామో, పార్లాతే, పార్లనో..." అది కాగానే "లవోరో, లవోరి, లవోర..."

"ఇదేం స్తోత్రమండీ?" అంది ఓరోజు ప్రార్థన కాగానే మా ఆవిడ, కూరగాయలు తరుగుతూ.

"చాలా పాతది. మహిమ గలది."

"అర్థమేంటో?"

"దేవుడి దగ్గర అర్థాలు అడక్కూడదు. భక్తుంటే చాలు."

"ఏం అడుగుతున్నామో మనకే తెలీకపోతే ఎలా? చెప్పులడగబోయి గొడుగడిగేస్తే?"

"నీకు నమ్మకం తక్కువ" అన్నాను గంభీరంగా. నిజానికి అర్థం నాకూ అంతంతమాత్రమే. వరస మాత్రం నీళ్ళు తాగినట్టు వచ్చేసింది.

మెకానిక్ రానే వచ్చాడు. పక్కన ఆ ఒక్కరోజుకీ పిలిపించిన దుభాషి. మెకానిక్ నా చెయ్యి ఊపి, "పార్ల ఇతలియానో?" అన్నాడు. ఇటాలియన్ మాట్లాడతారా అని.

"పార్ల" చెవిన పడగానే చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. కళ్ళు మూతపడ్డాయి. మొదటినుంచీ ఎత్తుకున్నాను. మధ్యలో ఆపితే పాపమన్నట్టు చివరిదాకా చదివాను. కళ్ళు తెరిచేసరికి మెకానిక్ టోపీ తీసి, తల వంచుకుని నిలబడ్డాడు, ఎవరో పోయారనుకుని.

"నేను మాట్లాడతాను, నువ్వు మాట్లాడతావు, వాడు మాట్లాడతాడు అంటున్నారండీ ఈయన" అన్నాడు దుభాషి.

"ఇంతకీ మాట్లాడేదెప్పుడట?" అన్నాడు మూతిముడుపు.

కుట్టు విభాగంలోంచి మా ఆవిడ తలెత్తింది. "ఈయో లవోరో. లూయీ పార్ల."

మెకానిక్ పగలబడి నవ్వాడు. దుభాషి అర్థం చెప్పగానే మూతిముడుపు మూతి కూడా విచ్చుకుంది. ఆవిడన్నది ఇదీ: "నేను పని చేస్తాను. ఆయన మాట్లాడతాడు."

"నీకెలా వచ్చిందే?" అన్నాను.

"ఏ దేవుడి స్తోత్రమో కనుక్కుందామని ఫోనుకి వినిపించానండీ. అది అర్థంతో సహా చెప్పింది. బాగుందని మిగతావీ నేర్చుకున్నా."

యంత్రం ఆవిడకే అప్పగించారు. నేను పక్కన నిలబడి తోలు అందిస్తున్నాను. "ఏమండీ, కాస్త త్వరగా కానివ్వండి" అంటుంది. మర్యాదకేం లోటు చెయ్యలేదు.

ప్రార్థన వృథా పోయిందని మాత్రం అనలేను. ఉద్యోగం మా ఇంటికే వచ్చింది. ఎవరు అడిగారో దేవుడు సరిగ్గా చూసుకోలేదేమో అనుకుంటాను. చూసే ఇచ్చాడేమోనని కూడా అనిపిస్తుంది.