డిసెంబరులో శంకుస్థాపన

క్రిస్మస్‌కు ముందు శనివారం ఉదయం యెహెజ్కేలు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య జయమణినీ, కూతురు ఏనీనీ కారెక్కించుకుని, తాము అద్దెకుంటున్న కనాటా ఊరి నుంచి పొలానికి వెళ్ళాలి. మూరెడు గొయ్యి తవ్వాలి. పాస్టర్ గారూ సంఘస్తులూ రాగానే ప్రార్థన చేయించి, పునాది రాయి వేసి, అందరికీ కేకూ టీ ఇచ్చి పంపాలి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో తలపండిన మనిషి గనుక, తప్పు జరగగల చోట్లన్నీ ముందే ఊహించాననుకున్నాడు.

ఆ పొలం కొని మూడేళ్ళయింది. అక్కడ ఇల్లు, వెనక కోళ్ళ షెడ్డు, పక్కన కూరపాదులు రావాలి. వచ్చినవి ప్లాన్లు మాత్రమే. ఒక ప్లాన్‌లో వంటగది తూర్పుకు ఉంటే, తర్వాతి దాంట్లో కోళ్ళు తూర్పుకు వెళ్ళేవి. అద్దె ఇళ్ళలో గోడకు మేకు కొట్టాలన్నా ఇంటివాళ్ళను అడిగి అడిగి విసిగిపోయిన జయమణి చివరికి తేల్చి చెప్పింది.

"క్రిస్మస్ లోపల పునాది రాయి పడాలండీ. పడకపోతే జనవరిలో పొలం అమ్మేద్దాం. నాకింక ప్లాన్లు చూసే ఓపిక లేదు."

ఆవిడ ఉత్తినే బెదిరించే మనిషి కాదు.

పొలం నిండా మోకాలి లోతు మంచు ఉంది. సరిహద్దు గుర్తులన్నీ దాని కిందే ఉన్నాయి. పైకి కనిపిస్తున్నది ఒక కర్రా, దానికి కట్టిన నారింజ రంగు రిబ్బనూ మాత్రమే. "ఇదే మన మూల" అన్నాడు యెహెజ్కేలు ధీమాగా. దాని పక్కన మంచు తోసి గునపం వేశాడు. గునపం ఖంగుమని మోగి, వెళ్ళినంత వేగంగానే వెనక్కి వచ్చింది.

"డాడ్, గ్రౌండ్ ఈజ్ ఫ్రోజెన్. ఎవ్రీబడీ నోస్ దట్," అంది ఏనీ ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

"తెలుసమ్మా. నేల మెత్తబడాలనే బొగ్గులు తెచ్చా."

బొగ్గులు పరిచి, పైన గడ్డి వేసి, ముట్టించి, పాత రేకు కప్పాడు. మంచుకు తడిసిన గడ్డి మండదు, పొగ మాత్రం ధారాళంగా ఇస్తుంది. రోడ్డు మీద పోతున్న ఎవరో పుణ్యాత్ములు ఫోన్ చేసినట్టున్నారు, కాసేపటికి కూత పెట్టుకుంటూ ఫైరింజన్ వచ్చింది. దిగినవాళ్ళు ఏం తగలబడుతోందని అడిగారు. యెహెజ్కేలు కంగారులో "మా ఇల్లు" అన్నాడు. ఇల్లెక్కడ అని అడిగారు. ఇంకా కట్టలేదన్నాడు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఇంకేమీ అడగకుండా గొట్టం విప్పారు.

నిప్పు ఆరింది. నీళ్ళు మాత్రం ఎక్కడికీ పోలేదు. వాళ్ళు గొట్టం చుట్టుకునే లోపే గడ్డకట్టి నున్నగా పరుచుకున్నాయి.

సరిగ్గా అప్పుడే సంఘం దిగింది. పట్టుచీరల మీద పార్కా కోట్లు తొడుక్కున్న ఆంటీలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని అంచునే ఆగిపోయారు. పాస్టర్ గారు బైబిలు గుండెలకు హత్తుకుని రెండడుగులు వేశారు. మూడో అడుగు ఆయన వేయలేదు, అదే ఆయన్ను తీసుకుపోయింది. లేపబోయిన ఇద్దరు పెద్దమనుషులూ ఆయన పక్కనే కూర్చున్నారు.

జయమణి వెళ్ళి కేకు డబ్బా ఒళ్ళో పెట్టుకుని కారులో కూర్చుంది. నాలుగు చివాట్లు పెట్టినా బాగుండునని యెహెజ్కేలుకు అనిపించింది. అతనికి నిజంగానే భయం వేసింది. పొలం పోతే పోయింది, తన మాట మీద ఆవిడకున్న నమ్మకం కూడా ఇవాళే పోయేట్టుంది.

ఫైరింజన్ చూసి పక్క పొలం ముసలాయన మర్విన్, తవ్వే ట్రాక్టర్ వేసుకుని వచ్చాడు. యెహెజ్కేలు పరుగున వెళ్ళి రిబ్బను పక్కన గొయ్యి తీసిపెట్టమని బతిమాలాడు. "ఇక్కడా?" అని అడిగాడు మర్విన్. "ఇక్కడే సార్." "నిజంగా ఇక్కడే?" యెహెజ్కేలు చేతులు జోడించాడు. ఆ జోడించడం చూసి, ఇదేదో దేవుడి వ్యవహారమనుకుని మర్విన్ మారు మాట్లాడకుండా తవ్వాడు.

పాస్టర్ గారు నడుము పట్టుకునే ప్రార్థన మొదలుపెట్టారు. కొత్త మనిషి ఉన్నాడని ఇంగ్లీషులోనే చేశారు. ఈ నేల యజమానిని దీవించమనీ, అతని కొట్లు ధాన్యంతో నింపమనీ, ముసలితనంలో మోకాళ్ళకు బలమివ్వమనీ చాలాసేపు వేడుకున్నారు. రాయి పడింది. అందరూ ఆమెన్ అన్నారు. మర్విన్ టోపీ తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

"నా పొలం కోసం ఇంతవరకూ ఎవరూ ప్రార్థన చెయ్యలేదు" అన్నాడు.

"మీ పొలమా?" అంది కారు దిగి వచ్చిన జయమణి.

మర్విన్ మొహమాటపడుతూ చెప్పాడు. ఆ రిబ్బను, నేల కింద నీళ్ళు పోయే గొట్టానికి తను పెట్టుకున్న గుర్తు. వీళ్ళ పొలం అదుగో, ఆ చెట్ల వరుస అవతల మొదలవుతుంది. ముందే చెబుదామనుకున్నాడట గానీ, ప్రార్థనకు అడ్డు రావడం మర్యాద కాదని ఊరుకున్నాడట.

అందరూ జయమణి వైపు చూశారు. ఆవిడ గోతిలోకి వంగి, రాయిని రెండు చేతులా ఎత్తి పొట్టకు ఆనించుకుంది. మంచులో దిగబడుతూ, చీర తడుస్తున్నా చూసుకోకుండా, చెట్లు దాటి వెళ్ళింది. వెనకే సంఘమంతా నడిచింది. ఒకచోట ఆగి, మంచు మీదే రాయి పెట్టింది.

"వంటగది ఇక్కడ" అంది.

"గొయ్యి లేదుగా జయా" అన్నాడు యెహెజ్కేలు బిక్కమొహంతో.

"మే నెలలో తవ్వుదురుగాని. మూడేళ్ళూ తప్పు జరుగుతుందేమోనని మీరు ఏమీ చెయ్యలేదు. ఇవాళ ఇంతమంది ముందర తప్పు చేశారు. ఇంక ఇల్లు కడతారని నాకు నమ్మకం కుదిరింది."

యెహెజ్కేలు ఆవిడ చేతి తొడుగుల మీది మంచు దులిపాడు. పొలం అమ్మే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కేకు అక్కడే నిలబడి తిన్నారు.

వేసవికి ఇంటి గోడలు లేచాయి. మర్విన్ పొలంలో మొక్కజొన్న ఎన్నడూ లేనంతగా పండింది. డిసెంబరు రాగానే ఆయనే ఫోన్ చేసి, ఈసారి ప్రార్థన విషయంలో తన సోయాబీన్ పొలం వైపు పొరపాటు పడటానికి వీలవుతుందేమోనని మర్యాదగా కనుక్కున్నాడు.